మగవారిలో రొమ్ము పెరిగితే: ఆగాలా, మందులు వాడాలా, ఆపరేషన్ చేయించుకోవాలా?

చొక్కా ఛాతీకి అతుక్కుంటుందేమోనని ఎప్పుడూ చేతులు కట్టుకుని నిలబడే కుర్రాళ్లు, ఈత మానేసినవాళ్లు, ఎంత ఉక్కపోసినా లోపలి బిగుతు బనీను తీయనివాళ్లు మనం అనుకునేదానికన్నా ఎక్కువమందే ఉన్నారు. వాళ్లలో చాలామంది ఈ సంగతి ఇంట్లో చెప్పరు. డాక్టర్ దగ్గర కూడా ఇంకేదో సమస్య చెప్పి వచ్చేస్తారు. రాత్రిపూట ఒంటరిగా ఫోన్‌లో వెతుకుతారు. వ్యాయామం చేస్తే పోతుందని ఒకరు, మాత్రలతో తగ్గుతుందని ఇంకొకరు, ఒక్క రోజులో ఆపరేషన్ చేసి ఇంటికి పంపిస్తామని మరొకరు చెబుతుంటారు. ఇందులో ప్రతి మాటా ఎవరో ఒకరి విషయంలో నిజమే. తన విషయంలో ఏది నిజమో తెలియకే మనిషి నలిగిపోతాడు.

దారి ఎంచుకునే ముందు మూడు సంగతులు తేలాలి. పెరిగింది రొమ్ము గ్రంథా, కొవ్వా? ఎంతకాలం నుంచి ఉంది? ఎందుకు వచ్చింది? సైజు గురించి అందరూ టెన్షన్ పడతారు గానీ, సైజు ఈ మూడింటి తర్వాతే. అందులోనూ రెండో ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. మందులు బాగా పనిచేసే కాలం చాలా చిన్నది. సిగ్గుతో ఊరుకున్న నెలల్లోనే అది దాటిపోతుంది.

గ్రంథా, కొవ్వా

మగవాళ్లకు కూడా చనుమొన వెనుక కొద్దిగా రొమ్ము కణజాలం ఉంటుంది, గ్రంథి అంటున్నది దాన్నే. పుట్టినప్పుడు ఆడపిల్లకూ మగపిల్లాడికీ అక్కడ పెద్ద తేడా ఉండదు. ఈస్ట్రోజెన్ హార్మోన్ ఆ కణజాలాన్ని పెంచుతుంది, టెస్టోస్టిరాన్ పెరగకుండా ఆపుతుంది. మగవాళ్ల ఒంట్లోనూ రెండూ ఉంటాయి. ఈస్ట్రోజెన్ పెరిగినా, టెస్టోస్టిరాన్ తగ్గినా, అది ఉండి కూడా దాని పని ఏదైనా మందు అడ్డుకున్నా, తూకం తప్పి గ్రంథి పెరగడం మొదలవుతుంది. దీన్నే గైనకోమాస్టియా అంటారు. గ్రంథి పెరగకుండా ఛాతీ మీద కొవ్వు మాత్రమే చేరితే అది వేరే సంగతి. డాక్టర్లు దాన్ని సూడోగైనకోమాస్టియా అంటారు. చొక్కా మీద నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. చికిత్స మాత్రం పూర్తిగా వేరు.

తేడా చాలావరకు చేతికే తెలుస్తుంది. వెల్లకిలా పడుకుని, ఒక చెయ్యి తల కింద పెట్టుకోండి. రెండో చేతి బొటనవేలు, చూపుడువేలు రొమ్ముకు చెరో పక్కన ఆనించి, మెల్లగా చనుమొన వైపు దగ్గరికి తీసుకురండి. లోపల గ్రంథి ఉంటే, వేళ్లు చనుమొన కిందికి రాకముందే ఏదో అడ్డు తగులుతుంది. గుండ్రంగా, రబ్బరులా సాగుతూ, చనుమొనకు సరిగ్గా మధ్యలో ఉండే బిళ్ల అది. కొత్తగా వచ్చినదైతే నొక్కినప్పుడు నొప్పి కూడా ఉంటుంది, చొక్కా రాసుకున్నా చురుక్కుమంటుంది. కొవ్వు మాత్రమే అయితే వేళ్లు ఏ అడ్డూ లేకుండా చనుమొన దాకా వచ్చేస్తాయి. అంతా ఒకే మెత్తదనం, నొప్పి ఉండదు.

చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. దానికీ కారణం ఉంది. కొవ్వు కణాల్లో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. బరువు పెరిగేకొద్దీ ఈ మార్పిడి ఎక్కువై గ్రంథి కూడా పెరగవచ్చు. అందుకే చేతికి స్పష్టంగా తెలియనప్పుడు డాక్టర్ చేత చూపించుకుని, అవసరమైతే అల్ట్రాసౌండ్ చేయించుకోవడం మంచిది. ఇక్కడ పొరబడితే తర్వాత తీసుకునే ప్రతి నిర్ణయమూ పక్కదారి పడుతుంది. గ్రంథి ఉన్నవాడు ఏళ్ల తరబడి దండీలు తీస్తూ కూర్చుంటాడు, కొవ్వు మాత్రమే ఉన్నవాడు హార్మోన్ మాత్రలు మింగుతాడు.

ఆగకుండా చూపించుకోవాల్సిన లక్షణాలు

మగవాళ్లకూ రొమ్ము క్యాన్సర్ వస్తుంది. అరుదే, మొత్తం రొమ్ము క్యాన్సర్లలో ఒక శాతం లోపే. కానీ మగవాళ్లకు అది రాదనుకుని ఆలస్యం చేయడం వల్ల చాలామందిలో ముదిరాక బయటపడుతుంది. గడ్డ చనుమొన మధ్యలో కాకుండా పక్కకు ఉన్నా, రాయిలా గట్టిగా ఉన్నా, కదలకపోయినా, చనుమొన లోపలికి లాక్కుపోయినా, దాని నుంచి రక్తం వచ్చినా, చర్మం సొట్ట పడినా, పుండు పడినా, చంకలో గడ్డలు తగిలినా ఈ వ్యాసంలోని మిగతా పోలికలన్నీ పక్కన పెట్టేయండి. ముందు మామోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రే, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ. ఒకవైపు మాత్రమే పెరగడం గైనకోమాస్టియాలోనూ మామూలే కాబట్టి అదొక్కటే చూసి భయపడక్కర్లేదు. కానీ వయసు మళ్లినవారిలో ఒకవైపే గడ్డ వస్తే పరీక్ష తప్పనిసరి.

రెండోది వృషణాలు. వీటి గురించి చాలామంది రోగులు డాక్టర్‌కి చెప్పరు, కొందరు డాక్టర్లు చూడరు. వృషణాల్లో వచ్చే కొన్ని కణుతులు హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను గానీ, నేరుగా ఈస్ట్రోజెన్‌ను గానీ తయారుచేస్తాయి. అప్పుడు మొట్టమొదట కనిపించే గుర్తు రొమ్ము పెరగడమే కావచ్చు. ఇవి యువకుల్లోనే ఎక్కువగా వస్తాయి, తొందరగా పట్టుకుంటే చాలావరకు నయమవుతాయి. కాబట్టి రొమ్ము కోసం వెళ్లినప్పుడు డాక్టర్ వృషణాలు కూడా చూడాలి. చూడకపోతే మీరే అడగండి.

కొద్ది నెలల్లోనే వేగంగా పెరిగితే, నొప్పి ఎక్కువగా ఉంటే, దాంతోపాటు లైంగిక కోరిక తగ్గినా, గడ్డం మీసం పల్చబడినా, కారణం వెతకడాన్ని వాయిదా వేయకూడదు.

ఎందుకు వచ్చింది

కొన్ని వయసుల్లో ఇది శరీరం తన పని తాను చేసుకుంటున్నప్పుడు వచ్చే మార్పే. పసిపిల్లల్లో తల్లి నుంచి వచ్చిన ఈస్ట్రోజెన్ వల్ల రొమ్ములు ఉబ్బుతాయి, కొందరికి పాల లాంటి ద్రవం కూడా వస్తుంది. కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. దాన్ని పిండకూడదు, పిండితే చీము పట్టవచ్చు. యుక్తవయసు మొదలయ్యేటప్పుడు మగపిల్లల్లో దాదాపు సగం మందికి ఎంతో కొంత గ్రంథి పెరుగుతుంది. పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది, చాలామందిలో ఏడాది నుంచి రెండేళ్లలో పోతుంది. మళ్లీ యాభై దాటాక టెస్టోస్టిరాన్ తగ్గి, ఒంట్లో కొవ్వు పెరిగి ఇంకో విడత వస్తుంది.

ఈ మూడు వయసుల్లో దేనికీ చెందకుండా వచ్చినప్పుడు ముందు అనుమానించాల్సింది మందులనే. బీపీ, గుండె వైఫల్యం, కాలేయ జబ్బుతో పొట్టలో నీరు చేరడం లాంటి వాటికి వాడే స్పైరోనోలాక్టోన్ ఇందులో బాగా పేరున్నది. మోతాదు పెరిగేకొద్దీ ఈ ఇబ్బందీ పెరుగుతుంది. ప్రోస్టేట్‌కు, జుట్టు ఊడటానికి వాడే ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే బైకలూటమైడ్, ఫంగస్‌కు మింగే కీటోకొనజోల్ మాత్రలు, ఎసిడిటీకి వాడే సిమెటిడిన్, మానసిక సమస్యలకు వాడే రిస్పెరిడోన్, హెచ్‌ఐవీకి వాడే ఎఫావిరెంజ్ కూడా ఈ జాబితాలో ఉన్నాయి. జుట్టు కోసం వాడే మాత్ర గురించి కుర్రాళ్లు డాక్టర్‌కి చెప్పడం మర్చిపోతారు. అది మందే కాదనుకుంటారు.

ఇక జిమ్‌లో తీసుకునే అనబాలిక్ స్టెరాయిడ్లు. బయటి నుంచి ఎక్కించిన టెస్టోస్టిరాన్‌లో కొంత ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. ఆపేశాక సొంత టెస్టోస్టిరాన్ మళ్లీ తయారవడానికి నెలలు పడుతుంది. అంటే వాడేటప్పుడూ, ఆపాకా రెండుసార్లూ తూకం తప్పుతుంది. మామూలు పొడులు, మాత్రల పేరుతో అమ్మే కొన్నింటిలో కూడా లేబుల్ మీద రాయని స్టెరాయిడ్లు దొరికిన సందర్భాలున్నాయి. కాబట్టి నేను స్టెరాయిడ్ వాడలేదు అనే మాట నిజాయితీగా చెప్పినా, డబ్బా పట్టుకెళ్లి డాక్టర్‌కి చూపించడమే మంచిది.

మద్యం ఎక్కువ కావడం, కాలేయం గట్టిపడే సిరోసిస్, మూత్రపిండాలు చెడిపోయి డయాలసిస్ మీద ఉండటం, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం కూడా కారణాలే. పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉండే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్‌లో వృషణాలు చిన్నగా, గట్టిగా ఉంటాయి, రొమ్ము పెరుగుతుంది. వాళ్లకు రొమ్ము క్యాన్సర్ ముప్పు మిగతా మగవాళ్లకన్నా ఎక్కువ కాబట్టి రోగం తెలిసి ఉండటం అవసరం. ఇన్ని వెతికినా నాలుగో వంతు మందిలో కారణం దొరకదు. దొరకలేదంటే డాక్టర్ సరిగ్గా చూడలేదని కాదు.

పరీక్షల సంగతి క్లుప్తంగా చెబుతాను. యుక్తవయసు కుర్రాడికి మామూలుగా వచ్చినప్పుడు, పరీక్ష చేసిన డాక్టర్‌కి అనుమానం లేకపోతే రక్తపరీక్షలేవీ అవసరం పడకపోవచ్చు. పెద్దవాళ్లలో కొత్తగా వస్తే ఉదయం పూట తీసిన రక్తంలో టెస్టోస్టిరాన్, ఈస్ట్రాడియోల్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, హెచ్‌సీజీ అనే హార్మోన్లు, థైరాయిడ్, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు, కావాలంటే వృషణాల అల్ట్రాసౌండ్.

ఆగి చూడటం

ఇది ఏమీ చేయకపోవడం కాదు. ఆరు నెలలకోసారి డాక్టర్ చేత కొలిపించుకుంటూ, కారణం ఏదైనా ఉంటే దాన్ని తీసేసి, శరీరానికి సమయం ఇవ్వడం. పన్నెండు నుంచి పదిహేడేళ్ల మధ్య పిల్లల్లో చాలామందికి ఇదే సరైన దారి. మందు వల్ల వచ్చినదైతే, ఆ మందు మార్చాక నెల రోజుల్లోనే నొప్పి, ముట్టుకుంటే చురుక్కుమనడం తగ్గడం మొదలవుతుంది. స్పైరోనోలాక్టోన్ వాడేవాళ్లకు చాలాసార్లు దాని బదులు ఎప్లెరినోన్ అనే మందు ఇచ్చి చూస్తారు. కానీ గుండెకో, మానసిక ఆరోగ్యానికో రాసిన మందును సొంతంగా ఆపేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. డాక్టర్‌తో, ‘ఈ మాత్ర మొదలుపెట్టాకే ఇది వచ్చిందండీ, మార్చడానికి వేరేది ఉందా’ అని అడిగితే చాలు, ఆయన చూసుకుంటారు.

ఆగడంలో ఉన్న చిక్కు ఒకటే. గ్రంథి ఎల్లకాలం మెత్తగా ఉండదు. మొదటి ఆరు నెలలు అందులో కణాలు చురుగ్గా పెరుగుతుంటాయి, వాపు ఉంటుంది, నొప్పి ఉంటుంది. ఏడాది దాటేసరికి వాపు పోయి, ఆ జాగాలో పీచు కణజాలం గట్టిపడుతుంది. నొప్పి తగ్గిందని సంతోషిస్తాం గానీ, ఇక అది తనంతట తాను కరగడం, మందుకు లొంగడం రెండూ కష్టమే. అందుకే పెద్దవాళ్లలో కొత్తగా వచ్చి, నొప్పి ఉండి, కారణం దొరకనప్పుడు ‘చూద్దాంలే’ అని ఏడాది గడిపేయడం నాకు నచ్చదు. పద్నాలుగేళ్ల పిల్లాడి విషయంలో ఆగడం వివేకం. నలభై ఏళ్ల మనిషి మూడో నెలలోనే వెళ్లి చూపించుకోవాలి.

పిల్లల విషయంలో ఇంకో మాట. రెండేళ్లలో పోతుందన్నది నిజమే అయినా ఆ రెండేళ్లూ వాడు స్కూల్లో గడపాలి. తోటివాళ్లు ఏడిపిస్తారు, ఆటల పీరియడ్ అంటే భయపడతాడు, భుజాలు ముందుకు వంచి నడవడం అలవాటైపోతుంది. తండ్రి గానీ, మామయ్య గానీ పక్కన కూర్చుని, ‘నీ ఈడు పిల్లల్లో సగం మందికి వస్తుందిరా, నీ ఒంట్లో తప్పేమీ లేదు’ అని ఒక్కసారి చెబితే వాడికి కొండంత అండ. బిగుతుగా పట్టే కంప్రెషన్ బనీను ఈ కాలంలో బాగా పనికొస్తుంది. గ్రంథిని తగ్గించదు, కానీ కనబడనివ్వదు, నలుగురిలోకి వెళ్లే ధైర్యం ఇస్తుంది. మరీ బిగుతైనది వేసుకుని ఊపిరాడక ఇబ్బంది పడకూడదు.

బరువు తగ్గడం, వ్యాయామం

కొవ్వు మాత్రమే ఉన్నవాళ్లకు మొదటి దారి ఇదే. బరువు తగ్గితే ఛాతీ మీద కొవ్వూ తగ్గుతుంది. అయితే ఒంట్లో ఏ చోట ముందు తగ్గాలో మనం నిర్ణయించలేం. దండీలు, బెంచ్ ప్రెస్ చేస్తే ఛాతీ కండ పెరుగుతుంది తప్ప, ఆ కండ మీద ఉన్న కొవ్వు ప్రత్యేకంగా కరగదు. ఒక్కోసారి కింద కండ పెరిగి పైనున్నదాన్ని ఇంకా ముందుకు తోస్తుంది కూడా. మొత్తం ఒంటి కొవ్వు తగ్గాలి, దానికి తిండి, నడక, బరువులెత్తడం మూడూ కలవాలి.

గ్రంథి గట్టిపడినవాళ్లకు వ్యాయామంతో అది పోదు. ఈ మాట ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంటే ఎంతమంది కుర్రాళ్లు తమనే తాము నిందించుకోవడం మానేసేవాళ్లో. సన్నగా, కండలు తిరిగి ఉండి కూడా చనుమొన ఉబ్బెత్తుగా కనిపించేవాళ్లది సరిగ్గా ఈ పరిస్థితే. వాళ్లలో పట్టుదల లేక కాదు, ఉన్నది కొవ్వు కాదు గనుక. అయినా ఆపరేషన్ ఆలోచన ఉన్నవాళ్లు కూడా ముందు బరువు స్థిరంగా ఉంచుకోవడం మంచిది. ఆపరేషన్ తర్వాత బాగా లావైనా, బాగా చిక్కినా వచ్చిన ఆకారం మారిపోతుంది.

మాత్రలు

ఇందులో ఎక్కువ ఆధారం ఉన్నది టమోక్సిఫెన్‌కే. ఆడవాళ్ల రొమ్ము క్యాన్సర్‌లో వాడే మందు అది. రొమ్ము కణజాలంలో ఈస్ట్రోజెన్ పనిచేయకుండా అడ్డుకుంటుంది. సాధారణంగా రోజుకు 20 మిల్లీగ్రాములు, మూడు నెలల దాకా ఇస్తారు. నొప్పి త్వరగా తగ్గుతుంది, సైజు చాలామందిలో కొంత, కొందరిలో బాగా తగ్గుతుంది. చాలా దేశాల్లో మగవాళ్ల గైనకోమాస్టియాకు దీనికి ప్రత్యేకంగా అనుమతి లేదు. డాక్టర్లు తమ అనుభవంతో, రోగికి చెప్పి రాస్తారు. వికారం, కడుపులో తిప్పడం ఉండొచ్చు. అరుదుగానైనా కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అంతకుముందు అలా గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు డాక్టర్‌కి ముందే చెప్పాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకుని వేసుకునేది కాదు.

ఎవరికి పనికొస్తుంది? మొదలై ఆరు నెలల లోపు ఉండి, నొప్పి ఉండి, చేతికి మెత్తటి గ్రంథి తగిలేవాళ్లకు. ఐదేళ్ల నుంచి గట్టిగా ఉన్న బిళ్లకు దీన్ని వాడి మూడు నెలలు ఎదురుచూడటం వల్ల వచ్చేది దుష్ఫలితాలే. అరోమటేజ్‌ను ఆపే అనాస్ట్రజోల్ వింటే తర్కానికి బాగుంటుంది, కానీ యుక్తవయసు పిల్లల మీద చేసిన పరిశోధనలో ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగైన ఫలితం ఇవ్వలేదు. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ అయితే, నిజంగా ఆ హార్మోన్ లోటు ఉన్నట్టు పరీక్షల్లో తేలినవాళ్లకే. లోటు లేనివాళ్లకు ఇస్తే అదే ఈస్ట్రోజెన్‌గా మారి ఉన్న సమస్యను పెంచవచ్చు. మూలికల పేరుతో, క్రీముల పేరుతో ఛాతీ తగ్గిస్తామని అమ్మేవాటికి డబ్బు పెట్టకండి. పైన పూసిన క్రీము గ్రంథిని కరిగించదు.

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు బైకలూటమైడ్ మాత్రమే వాడబోయేవాళ్లది ప్రత్యేక సందర్భం. వాళ్లలో ఎక్కువమందికి రొమ్ము పెరుగుతుందని ముందే తెలుసు కాబట్టి, వచ్చాక చూసుకోవడం కన్నా రాకుండా ఆపుకోవడమే మేలు. టమోక్సిఫెన్ తోడుగా ఇవ్వడం, లేదా మందు మొదలుపెట్టక ముందే రొమ్ముకు తక్కువ మోతాదు రేడియేషన్ ఇవ్వడం, ఈ రెండు దారులున్నాయి. నివారణలో టమోక్సిఫెన్‌దే పైచేయి. మందు మొదలుపెట్టే రోజునే క్యాన్సర్ డాక్టర్‌ని ఈ మాట అడగాలి.

ఆపరేషన్

ఏడాది దాటి గట్టిపడిన గ్రంథికి నమ్మకమైన దారి ఇదొక్కటే. అయితే ఆపరేషన్ అంటే ఒకటే రకం కాదు, సైజు సంగతి నిజంగా అవసరమయ్యేది ఇక్కడే. సర్జన్లు ఇప్పటికీ ఎక్కువగా వాడే సైమన్ వర్గీకరణ 1973 నాటిది. కొద్దిగా పెరిగి చర్మం వదులు కానిది మొదటి గ్రేడ్. ఓ మోస్తరుగా పెరిగి చర్మం మిగలనిది, కొంచెం మిగిలినది రెండో గ్రేడ్‌లో రెండు భాగాలు. బాగా పెరిగి చర్మం వేలాడేది మూడో గ్రేడ్.

కొవ్వు ఎక్కువగా ఉన్నచోట లైపోసక్షన్ చాలు. పక్కన చిన్న రంధ్రాలు చేసి సన్నని గొట్టంతో కొవ్వు లాగేస్తారు, మచ్చలు దాదాపు కనిపించవు. కానీ గట్టి గ్రంథి ఆ గొట్టంలోకి రాదు. లైపోసక్షన్ మాత్రమే చేయించుకుని, తర్వాత చనుమొన కింద బిళ్ల అలాగే ఉందని బాధపడేవాళ్లు ఇందువల్లే. గ్రంథి కోసం చనుమొన చుట్టూ ఉండే ముదురు రంగు వలయం కింది అంచు వెంట అర్ధచంద్రంలా చిన్న కోత పెడతారు. ముదురు రంగు, మామూలు రంగు కలిసే గీత మీదే కోత పడుతుంది కాబట్టి మానాక మచ్చ అందులో కలిసిపోతుంది. అక్కడి నుంచి గ్రంథిని విడదీసి బయటికి తీస్తారు. మంచి సర్జన్ పనితనం తెలిసేది ఇక్కడే. గ్రంథిని పూర్తిగా ఊడ్చేస్తే చనుమొన లోపలికి గుంట పడుతుంది. అందుకే చనుమొన వెనుక సుమారు సెంటీమీటరు మందాన కొంత కణజాలం కావాలనే వదిలేస్తారు. ఆ తర్వాత అంచులన్నీ లైపోసక్షన్‌తో సమం చేస్తారు. ఎక్కువమందికి ఈ రెండూ కలిపి చేయడమే సరైనది.

చర్మం బాగా వేలాడుతున్నప్పుడు, ముఖ్యంగా చాలా బరువు తగ్గినవాళ్లలో, చర్మం కూడా కోసి తీయాలి. మచ్చలు పొడవుగా ఉంటాయి, చనుమొనను కొత్త చోటికి మార్చాల్సి రావచ్చు, అక్కడ స్పర్శ తగ్గే అవకాశం ఎక్కువ. వయసులో ఉన్నవాళ్ల చర్మానికి తనంతట తాను బిగిసే గుణం ఉంటుంది. అందుకని ముందు గ్రంథి, కొవ్వు తీసి, చర్మం ఎంతవరకు దగ్గరపడుతుందో కొన్ని నెలలు చూసి, అప్పుడు మిగిలితేనే చర్మం తీసే సర్జన్ మాట వినదగ్గది.

చాలావరకు అదే రోజు, లేదా మర్నాడు ఇంటికి పంపిస్తారు. ఆఫీసు పనికి వారం రోజుల్లో వెళ్లొచ్చు. కంప్రెషన్ బనీను నాలుగు నుంచి ఆరు వారాలు వేసుకోవాలి, అంతకాలం బరువులు ఎత్తకూడదు. కమిలిన రంగు రెండు మూడు వారాల్లో పోతుంది. వాపు పూర్తిగా తగ్గి అసలు ఆకారం కనిపించడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. రెండో వారంలో అద్దంలో చూసుకుని ఒకవైపు ఎక్కువగా ఉందని కంగారుపడటం మామూలే, అప్పటి రూపమే చివరిది కాదు.

ఇబ్బందుల్లో ఎక్కువగా వచ్చేది లోపల రక్తం చేరడం. మొదటి రోజుల్లోనే ఒకవైపు ఉన్నట్టుండి ఉబ్బి, బిగుసుకుపోయి, నొప్పి పెరిగితే రాత్రయినా సరే ఫోన్ చేయాలి, మళ్లీ తెరిచి శుభ్రం చేయాల్సి రావచ్చు. నీరు చేరడం, చనుమొన మొద్దుబారడం, రెండువైపులా సమానంగా లేకపోవడం, గుంట పడటం, మచ్చ ఉబ్బడం కూడా ఉంటాయి. సిగరెట్ తాగేవాళ్లకు గాయం మానడం కష్టమవుతుంది, కొన్ని వారాల ముందే మానేయాలి. రక్తం పల్చబడే మందులు వాడుతున్నవాళ్లు వాటి సంగతి ముందే తేల్చుకోవాలి.

పిల్లలకు మాత్రం యుక్తవయసు పూర్తయ్యేదాకా, సైజు ఏడాదికి పైగా మారకుండా నిలిచేదాకా ఆపరేషన్ వద్దు. తొందరపడితే మిగిలిన గ్రంథి మళ్లీ పెరుగుతుంది. మానసికంగా బాగా కుంగిపోతున్న పిల్లాడి విషయంలో మినహాయింపు ఉండొచ్చు, అది హార్మోన్ల డాక్టర్ అయిన ఎండోక్రినాలజిస్ట్‌తో కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం. స్టెరాయిడ్లు ఆపనివాళ్లకూ అంతే, కారణం ఒంట్లో ఉండగా కోత పెట్టించుకుంటే డబ్బూ నొప్పీ వృథా.

ఎవరికి ఏది

పద్నాలుగేళ్ల పిల్లాడికి చిన్న బిళ్ల, కొద్దిగా నొప్పి ఉంటే, ఒకసారి డాక్టర్ చూసి, ఆరు నెలలకోసారి చూపించుకుంటూ ఆగండి. పదిహేడు దాటినా అలాగే మిగిలి, పెద్దగా ఉంటే అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడొచ్చు.

ఇరవై ఆరేళ్ల మనిషి, ఒళ్లు సన్నం, పదేళ్ల నుంచి చనుమొన కింద గట్టి బిళ్ల, పరీక్షలన్నీ మామూలు. ఇతనికి మాత్రలు వద్దు, వ్యాయామంతో పోదు. ఇబ్బంది పడుతుంటే గ్రంథి తీసే ఆపరేషన్. ఇబ్బంది లేదంటే ఏమీ చేయక్కర్లేదు. గైనకోమాస్టియా తీయకపోతే క్యాన్సర్‌గా మారుతుందని ఎవరైనా భయపెట్టి ఆపరేషన్‌కి ఒప్పిస్తుంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

నలభై ఏళ్లు, లావుగా ఉన్నాడు, మెత్తటి కొవ్వే, నొప్పి లేదు. ముందు బరువు. బరువు తగ్గి స్థిరపడ్డాక ఇంకా మిగిలితే లైపోసక్షన్. ఇదే మనిషికి నాలుగు నెలల కిందట కొత్తగా నొప్పితో బిళ్ల వచ్చి ఉంటే మాత్రం బరువు సంగతి తర్వాత. ముందు మందుల జాబితా, వృషణాల పరీక్ష, రక్తపరీక్షలు, కారణం దొరక్కపోతే టమోక్సిఫెన్ గురించి ఈ నెలలోనే అడగడం.

అరవై ఐదేళ్ల పెద్దాయన, గుండెకు స్పైరోనోలాక్టోన్ వాడుతున్నారు, ఒకవైపు నొప్పి. మందు మార్పిడే మొదటి అడుగు. కానీ ఈ వయసులో ఒకవైపే ఉంది కాబట్టి మామోగ్రామ్ కూడా చేయించాలి. మందు వల్లేనని తేల్చేసి వదిలేయడం సరికాదు.

సర్జన్ దగ్గరికి వెళ్లేదాకా వచ్చినవాళ్లు నాలుగు మాటలు అడగాలి. నాది గ్రంథా, కొవ్వా, రెండూనా, దేన్ని ఎలా తీస్తారు? చనుమొన వెనుక ఎంత మందం వదులుతారు? గైనకోమాస్టియా ఆపరేషన్లు మీరు తరచుగా చేస్తారా, చేసినవాళ్ల ఫొటోల్లో ఆరు నెలల తర్వాతవి చూపించగలరా? రెండోసారి సరిచేయాల్సి వస్తే ఖర్చు ఎవరిది? తీసిన కణజాలాన్ని పారేయకుండా పెథాలజీ ల్యాబ్‌కి పంపించమని చెప్పండి, రిపోర్టు మీ చేతికి వచ్చాక దాన్ని దాచుకోండి.